ఈసారి ముఖం కనపడాలి

పోయిన వారం యుస్రాను మనం సద్రాయ ఊరి చివర, ట్రక్కు లేపిన దుమ్ములో వదిలి వచ్చాం. ఆ ట్రక్కు తోట యజమాని సీ మున్సిఫ్‌ది; సీ అంటే అక్కడ గారు లాంటి మాట. రోజూ తెలతెలవారుతుండగా వచ్చి ఊళ్ళోని ఆడకూలీలను ఆలివ్ తోటలకు ఎక్కించుకుపోతుంది. ఆ ఆడవాళ్ళు పడే పాట్లు వాళ్ళ నోటితోనే చెప్పించి లోకానికి వినిపించాలని యుస్రా, ఆమె స్నేహితుడు వజ్దీ, చదువు అయిపోయి ఉద్యోగం దొరకని మరికొందరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. హక్కుల కోసం పనిచేసే కుర్రకారుకు చిన్న చిన్న గ్రాంట్లు ఇచ్చే సంస్థ ఒకటి రాజధానిలో ఉంది. అది వీళ్ళకూ ఇచ్చింది. దాంతో కెమెరా కొన్నారు, సినిమా తీశారు. ముఖాలు కనపడవు, గొంతులే వినపడతాయని యుస్రా ఇంటింటికీ తిరిగి మాటిచ్చింది. తీరా రాజధానిలోని పెద్ద హోటల్లో ఆ సినిమా వేసినప్పుడు మబ్రూకా ముఖం తెర నిండా కనపడింది. తెల్లారేసరికి అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. మేస్త్రీ ఆమెను ట్రక్కు ఎక్కనివ్వకుండా వెనక తలుపు వేసేశాడు. పైన నిలబడ్డ ఆడవాళ్ళంతా ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. వాళ్ళలో యుస్రా తల్లి జొహ్రా కూడా ఉంది.

దుమ్ము అణిగాక మబ్రూకా భోజనం మూట చంకలో పెట్టుకుని, యుస్రా వైపు ఒకసారి చూసి, ఇంటిదారి పట్టింది. తిట్టినా బాగుండేది అనిపించింది యుస్రాకు.

సినిమాలో ప్రతి ముఖాన్నీ మసక చేసింది యుస్రానే. కళ్ళు మంటలు పుట్టేలా కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో ఆడమనిషి తల కదిలినప్పుడల్లా ఆ మసకనూ కదుపుతూ, ముక్కు కొస కూడా బయటపడకుండా చూసింది. పని పూర్తయ్యాక రాజధానికి పంపమని వజ్దీకి ఇచ్చింది. మరి ముఖం ఎక్కణ్ణుంచి వచ్చింది? తప్పు సంస్థ వాళ్ళదేననీ, మసక చెయ్యని ముక్కలేవో వాళ్ళ చేతిలో పడి ఉంటాయనీ అనుకుంది. అలా అనుకోవడం తేలికగా ఉంది. నలుగురికీ అలాగే చెప్పింది కూడా.

సంఘం ఆఫీసు అంటే ఫోన్లు బాగుచేసే కొట్టు మీద ఒక గది. మెట్ల దగ్గరే ఆగి రాజధానిలోని లుబ్నాకు ఫోన్ చేసింది. ఈ ప్రాంతపు గ్రాంట్లన్నీ చూసేది లుబ్నాయే. మంచి మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. మొదటిసారి ఊరికి వచ్చినప్పుడు మబ్రూకా ఇంట్లో రొట్టె తిని, వెళ్ళేటప్పుడు ఆమె చేతులు ముద్దు పెట్టుకుని మరీ వెళ్ళింది.

జరిగింది విని లుబ్నా నిజంగానే బాధపడింది.  తర్వాత అడిగింది.

"కానీ యుస్రా, ఆవిడ ఒప్పుకున్నారు కదా? ముఖం చూపించడానికి అభ్యంతరం లేదన్నారనీ, మీరే స్వయంగా వెళ్ళి అడిగి వచ్చారనీ వజ్దీ చెప్పారే."

యుస్రా గోడకు ఆనుకుంది. కింద కొట్లో ఎవరి ఫోనుదో రింగుటోను మార్చి మార్చి మోగిస్తున్నారు.

"నేనే అడిగానని చెప్పాడా?"

"అవును. అందుకే మేము ఇంకోమాట అనుకోలేదు."

ఆ తర్వాత లుబ్నా చాలా చెప్పింది. మబ్రూకా మాటలకు హాల్లో కంట తడి పెట్టనివాళ్ళు లేరట. విదేశాల నుంచి వచ్చిన పెద్దమనుషులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఆవిడకు కలిగిన ఇబ్బంది గురించి ఒక విన్నపం రాసి పంపితే, ఇలాంటివి చూసేవాళ్ళు తమ దగ్గర ఉన్నారనీ, సెలవులు అవగానే పరిశీలిస్తారనీ చెప్పింది. యుస్రా థాంక్స్ చెప్పి పెట్టేసింది. ఎందుకు థాంక్స్ చెప్పిందో ఆమెకే తెలియలేదు.

గదిలో వజ్దీ బల్ల ముందు కూర్చుని రొట్టెలోకి హరీసా కారం రాసుకుంటున్నాడు. ఆమెను చూసి సగం రొట్టె తుంచి ఇవ్వబోయాడు. మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"లుబ్నాతో మాట్లాడాను," అంది యుస్రా.

అతను దబాయించలేదు. దానికి ఆమెకు ఇంకా మండింది. చేతులు తుడుచుకుని, "నేనే పంపాను. మసక లేనిదే పంపాను," అన్నాడు.

"నా పేరు చెప్పి."

"నీ పేరు చెబితేనే నమ్ముతారు. నేను చెబితే ఒకటికి రెండుసార్లు అడుగుతారు."

"నేను ఆవిడకి మాటిచ్చాను వజ్దీ. ఆ గుమ్మంలో కూర్చుని, ఆవిడ పోసిన టీ తాగుతూ మాటిచ్చాను."

"తెలుసు." అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "వసంతంలో రాజధానికి వెళ్ళాను కదా. రెండు ఊళ్ళ సంఘాల వాళ్ళు తీసిన సినిమాలు వేశారు. నల్లటి నీడలు, మార్చిన గొంతులు. హాల్లో ఒక్కడు తల ఎత్తలేదు. అందరూ ఫోన్లు చూసుకుంటూ, కాఫీ ఎప్పుడిస్తారా అని కూర్చున్నారు. అప్పుడే అనుకున్నాను, మన ఊరి సంగతి అలా పోనివ్వకూడదని."

"అందుకని ఆవిణ్ణి అమ్మేశావు."

వజ్దీ గిరుక్కున తిరిగాడు. "మా అమ్మ ఆ ట్రక్కు మీంచి పడి చచ్చిపోయిన రోజు రేడియోలో ఏం చెప్పారో గుర్తుందా నీకు? ఒక వ్యవసాయ కార్మికురాలు అన్నారు. అంతే. పేరు లేదు. ఆ తర్వాత ఫుట్‌బాల్ ఫలితాలు చదివారు. ముఖం లేనివాళ్ళు చస్తే ఎవడికి పట్టింది చెప్పు? నేను చేసింది తప్పే. కానీ మబ్రూకా చెప్పింది ఇప్పుడు దేశమంతా విన్నది."

 మరో రోజైతే యుస్రా దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసేది. ఆ తల్లి శవం ఇంటికి వచ్చిన రోజున అలాగే వేసింది. ఇప్పుడు అడుగు పడలేదు.

"దేశం విన్నది సరే. ట్రక్కు ఎక్కించుకుంటుందా దేశం?" అంది. "మీ అమ్మ లేదు వజ్దీ. ఆమెని ఎవరూ ఏమీ చెయ్యలేరు. మబ్రూకా బతికుంది. రేపు వంట చెయ్యాలి."

ఆ మాట ఎంత దారుణమైనదో అన్నాక తెలిసింది. వజ్దీ మొహం తెల్లబోయింది. ఏదో ఇస్తే ఆమె శాంతిస్తుందన్నట్టు, వచ్చే విడతలో సంస్థ వాళ్ళు పెద్ద గ్రాంటే ఇవ్వబోతున్నారని చెప్పాడు. ఆఫీసు, జీతాలు అన్నీ ఉంటాయట. యుస్రాకు కూడా.

"మబ్రూకాకి?"

"ఆవిడ లాంటివాళ్ళ కోసమే కదా అదంతా," అన్నాడు వజ్దీ, ఆమె వైపు చూడకుండా.

యుస్రా అల్మారా తీసి కెమెరా సంచీ భుజాన వేసుకుంది.  

నాలుగు రోజుల తర్వాత వాన పడింది. వానలో ఆలివ్ కోయరు కాబట్టి జొహ్రా ఇంట్లోనే ఉంది. ట్రక్కు సంగతి తల్లీకూతుళ్ళ మధ్య ఇంతవరకూ రాలేదు. జొహ్రా ఉదయం నుంచీ ఏదో ఒకటి కడుగుతూనే ఉంది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీసి చూస్తే మబ్రూకా.

ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటి తలుపు తట్టి ఎరుగని మనిషి. నేరుగా వంటింట్లోకి వచ్చి, కుండ మూత తీసి, ఉప్పు చాలలేదనో కారం ఎక్కువైందనో చెప్పి గానీ కూర్చునేది కాదు. ఇవాళ తలుపు తట్టి, లోపలికి రమ్మనేదాకా వానలోనే నిలబడింది. జొహ్రా గొర్రె తోలు పరిచింది. దాని మీద కాకుండా గుమ్మం పక్కన కూర్చుంది. జొహ్రా కుంపటి మీద టీ పెట్టి, అది మరుగుతున్నంతసేపూ కుంపటిలోకే చూస్తూ ఉండిపోయింది.

యుస్రా క్షమించమని అడగబోయింది. ఆ మాటలు రాత్రంతా కూర్చుకుంది. రెండు ముక్కలు అనేలోపే మబ్రూకా ఆపింది.

"అవన్నీ తర్వాత. ఒక పని ఉండి వచ్చాను."

విషయం మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది. సీ మున్సిఫ్ పనివాళ్ళే కాదు, చుట్టుపక్కల ఏ మేస్త్రీ కూడా ఆమెను ఎక్కించుకోవడం లేదు. ఇప్పుడు ఆమె ముఖం అందరికీ తెలుసు. భర్త లజ్‌హర్ నడుము విరిగి మంచంలో ఉన్నాడు. మొన్న సీ మున్సిఫ్ కబురు పంపాడు. వెళితే అరవలేదు, తిట్టలేదు. కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించాడు. ఇన్నేళ్ళలో ఆయన ఇంట్లో కుర్చీ మీద కూర్చోవడం అదే మొదటిసారి. ఆమెను పనిలోంచి తీసేయదలచుకోలేదన్నాడు. ఆమెనూ, కోడల్నీ కూడా తీసుకుంటానన్నాడు. చేయవలసిందల్లా ఒకటే. ఆ పిల్లలు తనకు మాటలు నేర్పి, డబ్బిచ్చి, అబద్ధం చెప్పించారని కెమెరా ముందు చెప్పాలి.

"ఆయన మేనల్లుడు ఫోన్లో తీశాడు. బాగా రాలేదు. వాడు పక్కనుంచి అందిస్తుంటే నాకు నాలుక తిరగలేదు. ఇది చూస్తే ఎవరైనా బలవంతంగా చెప్పించారనుకుంటారు, సరిగ్గా చెప్పి తీసుకురా అన్నాడు సీ మున్సిఫ్." మబ్రూకా తల మీది గుడ్డ కొసతో చేతుల తడి తుడుచుకుంది. "నువ్వు తియ్యాలి."

టీ పొంగి బొగ్గుల మీద పడింది. జొహ్రా గబుక్కున దించింది.

"నేనా?" అంది యుస్రా.

"నీ ఎదురుగా అయితే నాకు మాట తడబడదు. అప్పుడు చూశావుగా."

యుస్రా చెప్పడానికి ప్రయత్నించింది. విదేశీ డబ్బు తీసుకుని దేశం పరువు తీస్తున్నారని ఇప్పటికే ఊళ్ళో అంటున్నారనీ, ఇలాంటిది ఒకటి బయటికి వస్తే ఊళ్ళో పోలీసు పని చూసే గార్డులు నేరుగా తమ ఇంటికే వస్తారనీ, జైలు కూడా పడవచ్చనీ చెప్పింది. మబ్రూకా అంతా విన్నది. ఆమెకు కొత్త సంగతులేవీ కావవి.

"తెలుసు. అందుకే నీ దగ్గరికొచ్చాను. ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళి నీ వెనకాల చెప్పొచ్చు. నేను అలా చెయ్యలేదు. నువ్వు చేశావు."

"నేను కాదు ఖాల్తీ," అంది యుస్రా, చిన్నప్పటి నుంచీ పిన్నిని పిలిచే ఆ పిలుపుతోనే. "అల్లా మీద ఆన. వజ్దీ పంపాడు. నాకు తెలీనే తెలీదు."

మబ్రూకా ఆమెను చూసింది. కోపం లేదు ఆ చూపులో. దానికి బదులు అలసట ఉంది.

"వజ్దీ ఎవరు నాకు? వాళ్ళమ్మ నాకు తెలుసు, దేవుడు ఆమెను చల్లగా చూడాలి. వాడు నా ఇంటికొచ్చి అడిగితే పొమ్మనేదాన్ని. నువ్వొచ్చావని తలుపు తీశాను పిల్లా. జొహ్రా కూతురివని చెప్పాను ఆ మాటలన్నీ."

తన పేరు వినపడగానే జొహ్రా గ్లాసుల్లోకి టీ వంపడం ఆపింది. అయినా తల తిప్పలేదు.

యుస్రా లేచి కెమెరా సంచీ తెచ్చింది.

మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి కెమెరా బిగించింది. దాని పక్కన సంస్థ వాళ్ళ గుర్తు అంటించి ఉంది. గోటితో గీకి తీసేయాలనుకుంది, రాలేదు. కిటికీ వెలుగు మొహం మీద పడేలా మబ్రూకాను జరగమంది. గుడ్డ అంచుకు మైకు తగిలిస్తుంటే ఆమె గుండె కొట్టుకోవడం వేళ్ళకు తెలిసింది. పొలం ఆడవాళ్ళు ఎండకూ చలికీ కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా గుడ్డ చుట్టుకుంటారు. మబ్రూకా ఆ చుట్టు విప్పి మెడ మీదికి లాక్కుంది.

"ఈసారి ముఖం కనపడాలన్నాడు," అంది.

మొదలుపెట్టమంటే రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగింది. సీ మున్సిఫ్ మాటలు ఆమె నోట్లో అరువు చెప్పుల్లా ఇమడకుండా ఉన్నాయి. చివరికి విసుగ్గా చెయ్యి ఊపి, "ఇలా కాదు. నువ్వు అడుగు. అప్పట్లా అడుగు, నేను చెబుతాను," అంది.

అప్పుడు, వేసవిలో, ఇదే కెమెరా వెనక నిలబడి యుస్రా అడిగింది. ట్రక్కులో ఎలా నిలబడతారు ఖాల్తీ అని అడిగితే, కూర్చుంటే ఎక్కువమంది పట్టరని మేస్త్రీ ట్రక్కు అడుగున నీళ్ళు పోస్తాడనీ, తడిలో ఎవరూ కూర్చోరు కాబట్టి అందరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడే వెళతారనీ చెప్పింది మబ్రూకా. పడిపోయేవాళ్ళు ఆ తడి మీద జారే పడిపోతారని చెప్పింది. ఆ మాట దగ్గరే హోటల్లో పెద్దమనుషులు ఏడ్చారు.

 ఇప్పుడు యుస్రా, కెమెరా కోసమని, ఆమెను మీరు అంటూ అడిగింది.

"మీరు ఆ సినిమాలో చెప్పిన మాటలు ఎవరు నేర్పారు?"

"యుస్రా అనే పిల్ల." తడబడలేదు. "జొహ్రా కూతురు. చదువుకున్న పిల్ల. ఇలా చెప్పు అంటే చెప్పాను."

"ట్రక్కులో నీళ్ళు పోస్తారన్నారు. అది నిజమా?"

మబ్రూకా కళ్ళు ఒక్క క్షణం జొహ్రా వైపు వెళ్ళి వచ్చాయి. "కాదు. సీ మున్సిఫ్ మమ్మల్ని బాగా చూసుకుంటారు. ఆ ట్రక్కులో మాకు ఏ ఇబ్బందీ లేదు."

"మీకు డబ్బు ఇచ్చారా?"

"ఇచ్చారు."

అదొక్కటి నిజం. రికార్డు చేసిన రోజు పని మానుకోవాలి కదా, ఆ రోజు కూలి పోకూడదు కదా అని యుస్రానే పట్టుబట్టి గ్రాంటులోంచి ఇప్పించింది. మబ్రూకా వద్దంటే గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూసింది. ఇప్పుడు ఆ నిజమే అన్ని అబద్ధాల కంటే గట్టిగా పలికింది. ఎందుకిచ్చారు అని ఇంకో ప్రశ్న అడిగితే చాలు. యుస్రా నాలుక చివరిదాకా వచ్చింది. మబ్రూకా రెప్ప వేయకుండా ఆమెనే చూస్తోంది. అడగవద్దని అనలేదు. అడగమనీ అనలేదు.

యుస్రా కెమెరా ఆపేసింది.

కార్డు తీసి ఇస్తే మబ్రూకా రుమాలు కొసన ముడి వేసుకుంది. బాగా వచ్చిందా అని అడిగింది. బాగా వచ్చిందని చెప్పింది యుస్రా. జొహ్రా టీ గ్లాసు అందించింది. ఈసారి ఇద్దరు ఆడవాళ్ళ చేతులూ గ్లాసు మీద కాసేపు అలాగే ఉండిపోయాయి. మబ్రూకా ఒకే గుక్కలో తాగేసి, గ్లాసు కింద పెట్టి, వానలోకి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక జొహ్రా మొదటిసారి నోరు విప్పింది. "ఎందుకు తీశావే? ఇక నిన్ను ఎవరు కాపాడతారు?"

"నువ్వు ఆ రోజు ట్రక్కు మీంచి ఎందుకు దిగలేదమ్మా?"

జొహ్రా ఖాళీ గ్లాసు తీసుకుని కడగడం మొదలుపెట్టింది. దిగి ఉంటే ఈ పూట పొయ్యి మీద ఏముండేదో ఇద్దరికీ తెలుసు. యుస్రా ఆ మాట అన్నందుకు సిగ్గుపడింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

తర్వాతంతా ఆమె అనుకున్నట్టే జరిగింది. వీడియో సీ మున్సిఫ్ మేనల్లుడి పేజీలో వచ్చింది. అక్కణ్ణుంచి ఊరంతా, ఊరి నుంచి జిల్లా అంతా పాకింది. తెరమీద మబ్రూకాను చూసి ఏడ్చినవాళ్ళ కంటే దీన్ని చూసి నవ్వినవాళ్ళు ఎక్కువ. పచారీ కొట్టువాడు యుస్రాను చూసి, మాకూ కాస్త మాటలు నేర్పవచ్చు కదమ్మా, రేటు ఎంతిస్తారు అన్నాడు. విచారణ ముగిసేదాకా సద్రాయ సంఘంతో పని ఆపుతున్నామని రాజధాని సంస్థ ఒక ప్రకటన వేసింది. కింద లుబ్నా పేరుంది. వజ్దీ ఫోను పలకలేదు. వాళ్ళ అన్న వచ్చి, వాడు రాజధానికి వెళ్ళాడు, అక్కడ ఎవరితోనో మాట్లాడి అంతా సర్దుతాడట అని చెప్పి, ఆమె కళ్ళల్లోకి చూడకుండా వెళ్ళిపోయాడు.

మబ్రూకాను మాత్రం ట్రక్కు ఎక్కించుకున్నారు. ఆ సంగతి జొహ్రా చెప్పింది. ట్రక్కులో ఎవరూ ఏమీ మాట్లాడలేదట. అడుగున నీళ్ళు ఎప్పట్లాగే పోశారట.

గార్డు పోస్టు నుంచి కబురు వచ్చినప్పుడు యుస్రా తయారుగానే ఉంది. మంచి బట్టలు కట్టుకుని, తల్లిని పనికి పొమ్మని, ఒక్కతే వెళ్ళింది. నడవాలో బల్ల మీద మబ్రూకా కూర్చుని ఉంది. తోటలోంచి అలాగే తీసుకొచ్చినట్టున్నారు. కాయలు రాలేలా ఆలివ్ కొమ్మలు దువ్వడానికి వేళ్ళకు తొడుక్కునే మేక కొమ్ములు ఇంకా ఎడమ చేతికే ఉన్నాయి. యుస్రా ముందు నుంచి వెళుతుంటే తలెత్తలేదు.

గదిలో సీ మున్సిఫ్ జపమాల తిప్పుతూ కుర్చీలో ఉన్నాడు. ఫిర్యాదు ఇచ్చింది ఆయనే. సాక్షిని కూడా తన బండిలోనే తెచ్చాడు. అమ్మాయి మంచి కుటుంబం పిల్లేననీ, ఎవరో చెడగొట్టారనీ, తనకు ఎవరి మీదా కక్ష లేదనీ చెప్పాడు. పోస్టు అధికారి నడివయసు మనిషి, మర్యాదస్థుడు. యుస్రాను కూర్చోమన్నాడు. కెమెరా ఎవరు కొన్నారు, డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది, సంఘంలో ఎవరెవరున్నారు అని అడిగి రాసుకున్నాడు. ఆమె దాచకుండా చెప్పింది.

తర్వాత ఆయన ఫోన్లో వీడియో పెట్టి బల్ల మీద ఉంచాడు. మబ్రూకా ముఖం, కిటికీ వెలుగు, వెనక తమ ఇంటి గోడ. యుస్రా అనే పిల్ల, జొహ్రా కూతురు. అధికారి చివరిదాకా విని, మళ్ళీ మొదటికి తెచ్చి, ఈసారి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. నుదురు ముడిపడింది.

"ప్రశ్నలు అడుగుతున్నది ఎవరు?" అన్నాడు.

సీ మున్సిఫ్ చెయ్యి ఊపి, తన మేనల్లుడే తీయించి ఉంటాడనీ, ఇంట్లో ఆడపిల్ల ఎవరో అడిగి ఉంటుందనీ అన్నాడు. ఆయనకు నిజంగానే తెలియదు. ఎవరు తీశారో మబ్రూకా ఆయనకు చెప్పలేదన్న సంగతి యుస్రాకు అప్పుడే అర్థమైంది. 

అధికారి వీడియో మరోసారి మోగించాడు. మీకు డబ్బు ఇచ్చారా అని అడుగుతోంది ఫోను. ఆయన యుస్రా వైపు తిరిగాడు.

"ఇందాకటి నుంచీ వింటున్నాను అమ్మాయ్. ఈ గొంతు, నీ గొంతు నాకు ఒకటిగానే వినపడుతున్నాయి. తన మీద సాక్ష్యాన్ని తనే తీసుకునే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. నీదేనా ఇది?"

 అవునంటే ఈ వీడియోకు విలువ లేదు. కేసు ఇక్కడికిక్కడే తేలిపోవచ్చు. కానీ సీ మున్సిఫ్ ఇంటికి వెళ్ళేలోపే మబ్రూకా పని పోతుంది, కోడలి పని పోతుంది. తనను మోసం చేసిందని ఆయన ఆమెను ఈ జన్మకు క్షమించడు. కాదంటే డబ్బిచ్చి అబద్ధం చెప్పించిందన్న నేరం తన మెడకు చుట్టుకుంటుంది. సంతకం పెట్టి, జైలు తలుపు వెనక కూర్చోవడమే. అధికారి కలం పట్టుకుని ఎదురు చూస్తున్నాడు.

"అడిగింది వినపడిందా?"

"వినపడింది," అంది యుస్రా.

నడవాలో బల్ల కిర్రుమంది. గుమ్మంలోకి మబ్రూకా వచ్చి నిలబడింది. అధికారి ఆమెను బయటే కూర్చోమన్నాడు. పిలిచినప్పుడు రావచ్చన్నాడు. ఆమె కదల్లేదు. వేళ్ళకున్న కొమ్ములు ఒక్కొక్కటీ తీసి కొంగులో వేసుకుంది.

"ఆ పిల్లనెందుకు బాబూ అడగడం," అంది. "ఆ గొంతు ఎవరిదో, ఆ మాటలు ఎవరివో నేను చెబుతాను."

జపమాల ఆగింది. సీ మున్సిఫ్ మెల్లగా ఆమె వైపు తల తిప్పాడు. మబ్రూకా యుస్రాను చూడలేదు. ఇన్నేళ్ళూ ఆయన ముందు తల వంచుకుని నిలబడ్డ మనిషి, ఇప్పుడు సూటిగా ఆయన మొహంలోకే చూస్తూ అడిగింది.

"చెప్పమంటారా సీ మున్సిఫ్?"